బ్రెజ్జా కొనేముందు ఏడాదితో పాటు నెల కూడా చూడండి: 2022, 2023, 2024 బండ్ల పరిశీలన

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో సెకండ్ హ్యాండ్ కారు కొనాలనుకునేవారు బండిని చూడకముందే “ఏ ఇయర్ మోడల్?” అని అడుగుతారు. ఏడాది ఎంత కొత్తదైతే బండి అంత మెరుగ్గా ఉంటుందని, ఏడాదికి ఇంత చొప్పున ధర పెంచుకుంటూ పోతే లెక్క సరిపోతుందని మనలో చాలామంది నమ్మకం. మారుతి సుజుకి బ్రెజ్జా విషయంలో ఈ పద్ధతి కొనేవారికి నష్టమే తెస్తుంది. 2022 చివర్లో తయారైన మాన్యువల్ గేరు బ్రెజ్జాలో ఉన్న, పెట్రోలు ఆదా చేసే హైబ్రిడ్ ఏర్పాటు 2023 జులై తర్వాత తయారైన అదే రకం బండిలో లేదు. 2024 మొదట్లో అది తిరిగి వచ్చింది గాని, అన్ని రకాలకూ రాలేదు. ఈ సంగతి తెలియకుండా 2022 బండిని కాదని 2023 బండిని తెచ్చుకుంటే, ఎక్కువ పెట్రోలు తాగే బండికి ఎక్కువ ధర చెల్లించినట్టవుతుంది.

మా బావగారు విజయనగరంలో ఉంటూ గజపతినగరం అవతల ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నారు. రోజూ రానూపోనూ 26వ నంబరు జాతీయ రహదారి మీద ప్రయాణం, ఊళ్లో సంత పనులు, ఆదివారాల్లో అరసవల్లికో రామతీర్థానికో అత్తయ్యగారిని తీసుకువెళ్లడం, ఏడాదికి ఒకటి రెండుసార్లు అరకు, ఇదీ ఆయన బండికి ఉండే పని. బ్రెజ్జాలో కింది నుంచి పైకి ఎల్ఎక్స్ఐ, వీఎక్స్ఐ, జెడ్ఎక్స్ఐ, జెడ్ఎక్స్ఐ ప్లస్ అని నాలుగు రకాలు. ఆయన కోసం ఇద్దరం కలిసి జెడ్ఎక్స్ఐ మాన్యువల్ రకంలోనే మూడు వేర్వేరు ఏళ్ల బండ్లను నడిపి చూశాం. ఒకటి 2022 అక్టోబరులో, ఒకటి 2023 సెప్టెంబరులో, మరొకటి 2024 ఆగస్టులో తయారైనవి. రకం ఒకటే కాబట్టి తేడా వస్తే అది ఏడాది వల్ల వచ్చిన తేడాయే అవుతుంది. మాకు తేలిన విషయాలు ఇలాంటి అవసరాలే ఉన్న మరికొన్ని కుటుంబాలకు ఉపయోగపడతాయని నమ్మి వివరంగా రాస్తున్నాను.

ముందుగా 2022 అనే అంకె దగ్గరే జాగ్రత్త పడాలి. ఆ ఏడాది తయారైన బ్రెజ్జాలు రెండు వేర్వేరు బండ్లు. జూన్ దాకా అమ్మినది విటారా బ్రెజ్జా, అంటే 2016 మార్చిలో డీజిల్ ఇంజనుతో మొదలై, 2020 ఫిబ్రవరిలో 1.5 లీటర్ల కె15బి పెట్రోలు ఇంజనుకు మారిన పాత బండి. 2022 జూన్ 30న విడుదలైన కొత్త బండి పేరులోంచి విటారా తీసేశారు. దానికి కె15సి డ్యూయల్ జెట్ ఇంజను, కొత్త డ్యాష్‌బోర్డు, పై రకాలకు సన్‌రూఫ్, ఆటోమేటిక్‌లో పాత నాలుగు గేర్ల పెట్టె స్థానంలో ఆరు గేర్ల పెట్టె వచ్చాయి. పాత బండి శక్తి 105 పీఎస్ (హార్స్ పవర్ లాంటి కొలత) అయితే కొత్తది 103 పీఎస్, కాబట్టి అంకెల్లో కొత్తది కాస్త తగ్గినట్టే కనిపిస్తుంది గాని, నడిపేటప్పుడు ఆ తేడా తెలియదు. మైలేజీలో మాత్రం పాత మాన్యువల్‌కు కంపెనీ ప్రకటించినది లీటరుకు 17.03 కిలోమీటర్లు కాగా కొత్తదానికి సుమారు 20. ప్రకటనల్లో రెండింటినీ “2022 బ్రెజ్జా” అనే రాస్తారు, అందువల్ల ఫోటోలో వెనక తలుపు మీద పేరు చూసి, ఆర్‌సీలో తయారీ నెల చూసి మాట్లాడాలి. మరొక మాట కూడా చెప్పాలి. కార్లను ఢీకొట్టించి భద్రత తేల్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో నాలుగు నక్షత్రాలు వచ్చినది 2018లో, పాత విటారా బ్రెజ్జాకు. అమ్మేవారు కొందరు ఆ నక్షత్రాలను కొత్త బండికీ చెబుతున్నారు, అది సరికాదు.

ఇప్పుడు అసలు విషయమైన హైబ్రిడ్ గురించి. బ్రెజ్జాలో ఉన్నది కేవలం బ్యాటరీతో బండిని నడిపే హైబ్రిడ్ కాదు. ఇంజనుకు బెల్టుతో కలిపిన ఒక యంత్రం మామూలు ఆల్టర్నేటరు పని, స్టార్టరు పని రెండూ చేస్తుంది. బ్రేకు వేసినప్పుడు, యాక్సిలరేటరు వదిలినప్పుడు వృథా అయ్యే శక్తిని చిన్న లిథియం అయాన్ బ్యాటరీలోకి పంపి, మళ్లీ వేగం అందుకునేటప్పుడు ఇంజనుకు కొద్దిగా తోడ్పడుతుంది. బండి ఆగినప్పుడు ఇంజనును ఆపి, క్లచ్ నొక్కగానే తిరిగి లేపుతుంది. 2022లో మాన్యువల్ బండ్లకు కంపెనీ ప్రకటించిన మైలేజీ ఎల్ఎక్స్ఐ, వీఎక్స్ఐలకు 20.15, జెడ్ఎక్స్ఐ, జెడ్ఎక్స్ఐ ప్లస్‌లకు 19.89. 2023 జులైలో మాన్యువల్ బండ్లన్నిటి నుంచి ఈ ఏర్పాటును తొలగించడంతో ఆ అంకె 17.38కి పడిపోయింది. 2024 మొదట్లో జెడ్ఎక్స్ఐ, జెడ్ఎక్స్ఐ ప్లస్ మాన్యువల్‌లకు హైబ్రిడ్‌ను తిరిగి ఇచ్చి మళ్లీ 19.89 అని ప్రకటించారు. ఎల్ఎక్స్ఐ, వీఎక్స్ఐ మాన్యువల్ బండ్లు హైబ్రిడ్ లేకుండానే కొనసాగాయి. ఆటోమేటిక్ బండ్లలో ఈ కాలమంతా హైబ్రిడ్ ఉంది, వాటి మైలేజీ అంకె 19.80.

ఈ తేడా కాగితం మీద ఉన్నంత స్పష్టంగా రోడ్డు మీద తెలుస్తుందా అని బావగారికి సందేహం ఉండేది. ఊళ్లో తెలుస్తుంది. మయూరి జంక్షన్ దగ్గర 2022 బండిని ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ వదిలేసరికి ఇంజను చప్పుడు ఆగిపోయింది. డ్యాష్‌బోర్డు మీద బాణం చుట్టిన ఏ అక్షరం దీపం వెలిగింది. ఏసీ గాలి వస్తూనే ఉంది గాని, కంప్రెసర్ ఆగినందువల్ల కాసేపటికి ఆ గాలిలో చల్లదనం తగ్గింది. ముందు ఆటో కదలడం చూసి క్లచ్ మీద కాలు పెట్టగానే ఇంజను లేచింది, స్టార్టరు తిరిగే గరగర చప్పుడు అసలు వినిపించలేదు, సీటు కింద చిన్న వణుకు మాత్రం తెలిసింది. 2023 బండి అదే చోట, అదే ఎండలో, ఆగినంతసేపూ ఇంజను నడుపుతూనే ఉంది. వేసవిలో ఆగినప్పుడల్లా చల్లదనం తగ్గడం కొందరికి నచ్చకపోవచ్చు. అందుకు స్టీరింగ్ పక్కన ఒక మీట ఉంది, నొక్కితే ఇంజను ఆగడం మానేస్తుంది, బ్యాటరీ ఇచ్చే తోడ్పాటు మాత్రం కొనసాగుతుంది. బండిలో హైబ్రిడ్ ఉందో లేదో తేల్చుకోవడానికి ఈ మీట ఒక ఆనవాలు. బాగా వేడెక్కిన ఇంజనుతో ఇలా ఆపి చూసుకుంటే అనుమానం పూర్తిగా తీరిపోతుంది. బ్యాటరీలో ఛార్జి తగ్గినప్పుడు గాని, ఇంజను చల్లగా ఉన్నప్పుడు గాని అది ఆగదు కాబట్టి, కాసేపు తిప్పిన తర్వాతే ఈ పరీక్ష చేయాలి.

డబ్బు లెక్క కూడా చూద్దాం. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే బండికి 17.38 చొప్పున సుమారు 690 లీటర్లు, 19.89 చొప్పున సుమారు 603 లీటర్లు పెట్రోలు కావాలి. తేడా 87 లీటర్లు. మన రాష్ట్రంలో పెట్రోలు లీటరు దాదాపు 110 రూపాయలు కాబట్టి ఏడాదికి 9,500 రూపాయల పైమాటే. కంపెనీ అంకెలు ప్రయోగశాలలో తీసినవి, వాస్తవంలో రెండు బండ్లకూ మైలేజీ అంతకన్నా తక్కువే వస్తుంది. ఆనందపురం మీదుగా విశాఖ దాకా రహదారి మీద ఒకే వేగంతో పోయేవారికి హైబ్రిడ్ వల్ల పెద్దగా మిగలదు. బావగారిలా ఊళ్లో ఆగుతూ, రహదారి మీద ఊరూరా స్పీడ్ బ్రేకర్ల దగ్గర నెమ్మదిస్తూ తిరిగేవారికి మిగులుతుంది. అయిదేళ్లు ఉంచుకునే బండికి ఆ మొత్తం సుమారు నలభై ఎనిమిది వేలు అవుతుంది. 2023 రెండో సగం మాన్యువల్ బండికి అమ్మేవారు 2022 కంటే ఎంత ఎక్కువ అడుగుతున్నారో, దానికి ఈ నలభై ఎనిమిది వేలు కలిపి చూడాలి.

ఇంతవరకూ చదివినవారు 2022 బండే మేలని అనుకోవచ్చు. ఒక అడ్డంకి ఉంది, అది పెట్రోలు. 2023 ఏప్రిల్ 1 నుంచి దేశంలో తయారయ్యే కార్లు బీఎస్-6 రెండో దశ కాలుష్య ప్రమాణాలకు లోబడి ఉండాలి, ఆ గడువు నాటికే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలతో రావాలి. ఆ తేదీకి ముందు తయారైన బ్రెజ్జా 10 శాతం మిశ్రమాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైన బండి. ఇప్పుడు మన పెట్రోలు బంకుల్లో దొరుకుతున్నది దాదాపుగా 20 శాతం మిశ్రమమే. అచ్చమైన పెట్రోలుకు రూపొందించి 10 శాతం మిశ్రమానికి సర్దుబాటు చేసిన కార్లలో 20 శాతం మిశ్రమం వల్ల మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ ప్రచురించిన ప్రణాళికలో అంచనా వేశారు. మన లెక్కలో అది ఏడాదికి సుమారు నలభై లీటర్లు, అంటే హైబ్రిడ్ మిగిల్చే దానిలో దాదాపు సగం. కాబట్టి ఒక్క మైలేజీనే చూసుకుంటే 2022 హైబ్రిడ్ బండి ఇప్పటికీ 2023 రెండో సగం మాన్యువల్ కంటే ముందే ఉంటుంది. అయితే పెట్రోలు గొట్టాలు, సీళ్లు పదేళ్ల పాటు ఎలా ఉంటాయన్నది మైలేజీ లెక్కలో రాదు. బండిని మూడు నాలుగేళ్లలో మార్చేసే వారికి ఇది చిన్న విషయం, పదేళ్లు ఉంచుకునే మా బావగారి వంటివారికి పెద్ద విషయం. 2022 బండి కొనదలిస్తే వారాల తరబడి వాడకుండా ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచవద్దని, సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ పెట్రోలు గొట్టాలను చూడమని ప్రత్యేకంగా చెప్పాలని నా సలహా.

2023లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా తయారైన మాన్యువల్ బండ్లలో హైబ్రిడ్, 20 శాతం ఇథనాల్‌కు తగిన భాగాలు రెండూ ఉంటాయి. ఇవి తక్కువగా దొరుకుతాయి, దొరికితే వదలకూడదు. ఆర్‌సీ మీద ఇవీ 2023వే, హైబ్రిడ్ లేనివీ 2023వే. చాలామంది అమ్మకందారులకు ఈ తేడా తెలియదు కాబట్టి రెండింటికీ ఒకే ధర చెబుతారు.

ఆటోమేటిక్ కోరుకునేవారికి ఈ గొడవ చాలావరకు ఉండదు. 2022 జూన్ తర్వాతి ఏ ఆటోమేటిక్ అయినా ఆరు గేర్లతో, హైబ్రిడ్‌తోనే వస్తుంది, కాబట్టి వారు 2023 ఏప్రిల్‌కు ముందా, తర్వాతా అన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. ధర మాత్రం మాన్యువల్ కంటే బాగా ఎక్కువ.

ఘాట్ రోడ్డు మీద మూడు బండ్లూ ఒకటే. శృంగవరపుకోట దాటి అనంతగిరి వైపు ఎక్కేటప్పుడు నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామానుతో ఈ 1.5 లీటర్ల ఇంజను రెండో గేరు అడుగుతుంది, మూడో గేరులో లాగించాలని చూస్తే నీరసపడుతుంది. గరిష్ఠ టార్క్, అంటే ఇంజను లాగే బలం, 137 న్యూటన్ మీటర్ల లోపే, అదీ 4,400 ఆర్‌పీఎం దగ్గర అందేది. డీజిల్ బండ్లు నడిపి అలవాటైనవారికి ఇది వెలితిగా ఉంటుంది. హైబ్రిడ్ తోడ్పాటు మలుపు తిరిగి వేగం అందుకునే ఒకటి రెండు క్షణాల్లో ఉంటుంది గాని, పొడుగాటి ఎత్తు మీద దాని ఉనికి తెలియదు. ఎక్కే దారిలో ఆగి బయల్దేరినప్పుడు బండి వెనక్కి జారకుండా పట్టి ఉంచే హిల్ హోల్డ్ మూడింటిలోనూ బాగా పనిచేసింది. 198 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ వల్ల వానాకాలంలో చెరువు గట్ల మీద, కంకర తేలిన పల్లె రోడ్ల మీద అడుగు తగులుతుందన్న బెంగ లేదు. 328 లీటర్ల డిక్కీలో పండక్కి ఊరెళ్లే కుటుంబం సంచులు, ఒక బియ్యం బస్తా పడతాయి. వెనక సీటు విశాలంగా ఉంది, ఎక్కడానికి దిగడానికి ఎత్తు సరిగ్గా ఉందని మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారే చెప్పారు. ఈ గుణాలేవీ ఏడాదితో మారలేదు కాబట్టి వాటి గురించి ఇంతకంటే రాయను.

ఏడాది మారే సరిహద్దులో తయారైన బండ్ల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. 2022 నవంబరు 2 నుంచి 28 వరకు తయారైన కొన్ని బ్రెజ్జాలను ముందు సీటు బెల్టు ఎత్తు సర్దే భాగంలో లోపం ఉండవచ్చని కంపెనీ వెనక్కి పిలిచింది. అప్పుడు పిలిచిన వాటిలో బ్రెజ్జాతో పాటు సియాజ్, ఎర్టిగా, ఎక్స్ఎల్6, గ్రాండ్ విటారా కలిపి 9,125 బండ్లు ఉన్నాయి. ఆ వెంటనే 2022 డిసెంబరు 8 నుంచి 2023 జనవరి 12 వరకు తయారైన వాటిలో ఎయిర్‌బ్యాగ్‌ను నియంత్రించే పరికరాన్ని మార్చడానికి బ్రెజ్జాతో సహా ఆరు రకాల బండ్లు 17,362 వెనక్కి పిలిచారు. ఈ మార్పులు ఉచితంగా చేసినవే, చేయించుకున్న బండి కొనడానికి సంకోచించనక్కరలేదు. చేయించుకున్నారో లేదో అమ్మేవారి మాట మీద వదలకుండా, ఛాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో గాని, అధికారిక సర్వీస్ సెంటర్‌లో గాని చూసుకోవాలి. ప్రమాదం జరిగినప్పుడు తెరుచుకోవలసిన ఎయిర్‌బ్యాగ్ గురించిన విషయం ఇది. బేరం కుదిరిన ఆనందంలో మరిచిపోదగినది కాదు.

ఎయిర్‌బ్యాగుల మాట వచ్చింది కాబట్టి, మూడేళ్ల బండ్లలోనూ నాకు నచ్చని సంగతి చెబుతాను. 2022 నుంచి 2025 మొదటి దాకా ఆరు ఎయిర్‌బ్యాగులు జెడ్ఎక్స్ఐ ప్లస్ రకానికే ఇచ్చారు, మిగిలినవాటికి రెండే. 2025 ఫిబ్రవరి నుంచి అన్ని రకాలకూ ఆరు వస్తున్నాయి. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీల మధ్య తరచుగా ప్రయాణించే కుటుంబం అయితే, మైలేజీ, ఇథనాల్, ధర అన్నిటినీ పక్కనపెట్టి 2025 బండికో, పాత జెడ్ఎక్స్ఐ ప్లస్‌కో వెళ్లడం మంచిదని నా గట్టి అభిప్రాయం. బావగారితోనూ ఇదే చెప్పాను. ఆయన రోజువారీ దారిలో వేగం తక్కువ, బడ్జెట్ గట్టి, అందుకని ఆయన వేరే నిర్ణయం తీసుకున్నారు.

వారంటీలోనూ ఏడాది మధ్యలో ఒక గీత పడింది. 2024 జులై 9కి ముందు డెలివరీ అయిన మారుతి బండ్లకు ప్రాథమిక వారంటీ రెండేళ్లు లేదా 40,000 కిలోమీటర్లు, ఆ రోజు నుంచి డెలివరీ అయినవాటికి మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. 2024 బండి ఎంచుకునేవారు మొదటి సగందా, రెండో సగందా అన్నది అడగడానికి ఇది చాలిన కారణం. ఇక్కడ తయారైన నెల కాదు, మొదటి యజమానికి అప్పగించిన తేదీ ముఖ్యం. ఆ తేదీ ఇన్‌వాయిస్ మీద ఉంటుంది.

ధర మాట్లాడేటప్పుడు కొత్త బండి ప్రస్తుత ధర చేతిలో ఉండాలి. ఈ బండి పొడవు నాలుగు మీటర్ల లోపే అయినా పెట్రోలు ఇంజను 1,200 సీసీ దాటి 1,462 సీసీ ఉన్నందువల్ల చిన్న కార్లకు దక్కిన 18 శాతం జీఎస్టీ దీనికి వర్తించదు. 2025 సెప్టెంబరు 22కు ముందు దీని మీద జీఎస్టీ, సెస్సు కలిపి 45 శాతం ఉండేది, ఇప్పుడు 40 శాతం. పన్ను వల్ల తగ్గేది ధరలో మూడున్నర శాతం దాకా ఉంటుంది గాని, కంపెనీ అప్పుడు బ్రెజ్జా ధరను రకాన్ని బట్టి గరిష్ఠంగా 1,12,700 రూపాయల దాకా తగ్గించింది. 2024లో తాను కొన్న బిల్లు చూపించి దానిలోంచి కొంత తీసి ధర చెప్పే యజమానికి, కొత్త బండే ఆ బిల్లు కంటే తక్కువకు వస్తోందన్న సంగతిని మర్యాదగా గుర్తుచేయాలి. బీమా కంపెనీలు బండి విలువ కట్టేటప్పుడు ఒకటి నుంచి రెండేళ్ల బండికి 20 శాతం, రెండు నుంచి మూడేళ్ల బండికి 30, మూడు నుంచి నాలుగేళ్ల బండికి 40 శాతం తరుగు తీస్తాయి. మారుతి బండ్లకు మార్కెట్లో ఇంతకన్నా ఎక్కువే పలుకుతుంది, అయినా ఏడాదికి ఏడాదికి మధ్య న్యాయమైన తేడా ఎంత అన్నదానికి ఇది ఒక ఆధారం.

బండిని చూసేటప్పుడు తయారీ తేదీని ఆర్‌సీతో పాటు బండి మీద కూడా చదవవచ్చు. టైరు పక్క గోడ మీద గుండ్రటి గడిలో నాలుగు అంకెలుంటాయి, 3423 అంటే 2023లో 34వ వారం. 2024 బండి అని చెప్పి, స్టెప్నీ మీద 2022 అంకె కనిపిస్తే ఆగి అడగాలి. మేము చూసిన 2022 బండికి నాలుగు టైర్లు 2025వి, స్టెప్నీ ఒక్కటే 2022ది. కిలోమీటర్ల మీటరు చూపిన అంకెకు, టైర్లు అప్పుడే మార్చవలసి రావడానికి పొంతన కుదరలేదు. సర్వీసు చరిత్ర తీయిస్తే పూర్వపు యజమాని గనుల వైపు రోజూ తిప్పేవారని, కంకర రోడ్ల వల్ల టైర్లు కోసుకుపోయాయని తేలింది, మీటరు నిజమే. మా మెకానిక్ మాత్రం సస్పెన్షన్ బుష్‌లు చూసి, “ఏడాదికేటి బాబూ, ఈ బండి తిరిగిన దారి సూడండి” అన్నారు. ఆ బండిని వదిలేశాం.

మన ప్రాంతంలో మరో రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది వరదలో మునిగిన బండి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే నంబరు సిరీస్ ఏపీ 39తో మొదలైంది. పూర్వం ఏపీ 35 అంటే విజయనగరం బండి, ఏపీ 30 అంటే శ్రీకాకుళం బండి అని చూడగానే తెలిసేది, ఇప్పుడు నంబరు ప్లేటు చూసి బండి ఏ జిల్లాదో చెప్పలేం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో కార్లు మునిగిపోయాయి, అప్పటికి 2022, 2023 బ్రెజ్జాలు వీధుల్లో ఉన్న బండ్లే. కాబట్టి ఆర్‌సీలో నమోదు చేసిన కార్యాలయం ఏదో చదవాలి, బీమా క్లెయిముల వివరాలు అడగాలి. వెనక సీటు బెల్టును చివరి దాకా లాగి చూస్తే, మునిగిన బండి అయితే లోపల చుట్టుకుని ఉండే భాగం మీద బురద గీత ఉంటుంది. పై భాగం ఎంత కడిగినా ఆ చివర కడగడం ఎవరికీ తోచదు. స్టెప్నీ గుంతలో, సీటు పట్టాల మరల మీద తుప్పును టార్చి వేసి చూడాలి. రెండోది సముద్రపు గాలి. భీమిలి, భోగాపురం, కళింగపట్నం వైపు ఆరుబయట నిలిపిన బండ్లకు అడుగున సైలెన్సరు గొట్టం, మరలు ముందే తుప్పు పడతాయి. మూడేళ్ల బండిని లిఫ్టు మీద ఎత్తించి చూడకుండా కొనకూడదు. ఒడిశా నంబరుతో తక్కువకు వచ్చే బండ్ల విషయంలో ఎన్‌ఓసీ (అక్కడి నుంచి తెచ్చుకోవలసిన అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడి జీవిత పన్ను కలుపుకుని ధర లెక్కవేసుకోవాలి, అలా లెక్కవేస్తే చాలాసార్లు తక్కువేమీ ఉండదు.

సీఎన్‌జీ బ్రెజ్జా 2023 మార్చిలో వచ్చింది. కిలోకు 25.51 కిలోమీటర్లన్నది ఆకర్షణీయమైన అంకే గాని, శక్తి 88 పీఎస్‌కు తగ్గుతుంది, డిక్కీ సిలిండరుకే పోతుంది. అరకు ఎక్కాలనుకునే కుటుంబానికి నేను చెప్పను.

చివరికి బావగారు 2024 ఆగస్టు జెడ్ఎక్స్ఐ మాన్యువల్ తీసుకున్నారు. హైబ్రిడ్ ఉంది, ఇథనాల్ బెంగ లేదు, మూడేళ్ల వారంటీలో కొంత కాలం మిగిలి ఉంది. బడ్జెట్ ఇంకా తక్కువ ఉండి, నాలుగేళ్లకు మించి ఉంచుకోనివారికి 2022 రెండో సగం జెడ్ఎక్స్ఐ మంచి ఎంపిక. 2023 జులై నుంచి ఆ ఏడాది చివరిదాకా తయారైన మాన్యువల్ బండిని 2022 బండి ధరకే ఇస్తే తీసుకోవచ్చు, అంతకు మించి పెట్టనక్కరలేదు. వీఎక్స్ఐ మాన్యువల్ చాలనుకునేవారికి 2023 జులై తర్వాత ఏ ఏడాదిలోనూ హైబ్రిడ్ లేదు కాబట్టి, వారు నేరుగా ఆరు ఎయిర్‌బ్యాగుల 2025 బండి వైపు చూడటమే మేలు.

పేరు మార్పిడికి 29, 30 నంబరు ఫారాల మీద అమ్మేవారి సంతకాలు, అప్పు తీరిన బండి అయితే బ్యాంకు ఇచ్చే 35వ నంబరు ఫారం డబ్బు పూర్తిగా చేతులు మారకముందే తీసుకోవాలి. బీమాను కూడా 14 రోజుల్లోగా మన పేరుకు మార్చమని కంపెనీకి రాయాలి. పాత యజమాని సంపాదించిన నో క్లెయిమ్ బోనస్, అంటే బీమా క్లెయిము చేయనందుకు ప్రీమియంలో దక్కే తగ్గింపు, ఆయనకే చెందుతుంది, బండితో పాటు మనకు రాదు, కాబట్టి ఆ తేడా ప్రీమియం కోసం కొంత సొమ్ము విడిగా ఉంచుకోవాలి. మేము ఆ సొమ్మును బేరంలోనే తగ్గించమని అడిగాం, అమ్మినాయన సగానికి ఒప్పుకున్నారు.